స్లీవా, బైపాసా: ఎవరికి ఏ సర్జరీ?

బరువు తగ్గే సర్జరీల గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వస్తున్నాయి. ఎక్కువమంది అడిగేది ఒకటే: ‘అన్నింట్లోకీ మంచిది ఏది?’ అలాంటిది ఒకటుంటే మిగతావి ఎప్పుడో మానేసి ఉండేవాళ్లం. పక్కింటావిడకు బ్రహ్మాండంగా పనిచేసిన ఆపరేషన్ మీకు కొత్త జబ్బు తెచ్చిపెట్టొచ్చు. ఎత్తూ బరువూ మాత్రమే రాస్తే నేను చెప్పగలిగేది తక్కువ. ఉన్న జబ్బులు, వాడే మందులు, తిండీ, అలవాట్లూ దాచకుండా రాసినవారి ఉత్తరాలనే ఈసారి ఎక్కువగా ఎంచుకున్నాను.

నా వయసు 42. గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 104 కిలోలు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. విజయవాడలో ఒక డాక్టరుగారు స్లీవ్ చేస్తామన్నారు. గుంటూరులో ఇంకొకరు మినీ బైపాస్ మేలన్నారు. ఎవరి మాట వినాలి? రాత్రిళ్లు పుల్ల తేన్పులు వస్తాయి, రెండు దిళ్లు వేసుకుని పడుకుంటాను. అది గ్యాసే అనుకుంటున్నాను.
– ఓ పాఠకురాలు, తెనాలి

మీరు మాటవరసకు రాసిన ఆ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. మీ విషయంలో ఏ సర్జరీ చేయాలో తేల్చేది ఆ పుల్ల తేన్పులే. ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా ఎండోస్కోపీ చేయించారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి ఏడాది ఆకలి పెద్దగా వేయదు. ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, విటమిన్ల లోపం బైపాస్ కంటే తక్కువ. మన దగ్గరా బయటి దేశాల్లోనూ ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది ఇదే. చిక్కు ఎక్కడంటే, ఆ సన్న గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. లోపలి ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. ముందే గుండెమంట ఉన్నవాళ్లలో చాలామందికి అది ముదురుతుంది, లేనివాళ్లలో కొందరికి కొత్తగా మొదలవుతుంది.

బైపాస్ 1966లో అమెరికాలో అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టింది. ఇప్పుడు చేసే రూ-ఎన్-వై బైపాస్ దాని తర్వాతి రూపం. జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగును కోసి పైకి తెచ్చి దానికి అతుకుతారు. కింద ఇంకో అతుకు వేస్తారు. మిగతా జీర్ణాశయాన్ని తీసేయరు, లోపలే ఉంటుంది గానీ అన్నం అటు వెళ్లదు. ఆమ్లం తయారయ్యే భాగమూ పైత్యరసమూ అన్నవాహికకు దూరమైపోతాయి కాబట్టి మంట తగ్గుతుంది. మినీ బైపాస్‌లో సంచి పొడుగ్గా ఉంటుంది, అతుకు ఒకటే. సర్జన్‌కు పని తేలిక, బరువూ బాగా తగ్గుతుంది. కానీ పైత్యరసం ఆ అతుకు మీదుగానే పోతుంది గనక అది పైకి వచ్చే అవకాశం కొంత ఉంది. ఫ్రాన్స్‌లో ఈ రెండు బైపాస్‌లనూ పోల్చి 2019లో ప్రచురించిన ట్రయల్‌లో, రెండేళ్లకు తగ్గిన బరువు ఒక్కటే. విరేచనాలూ పోషకాల లోపమూ మాత్రం మినీలో ఎక్కువ కనిపించాయి.

బరువు లెక్కా చూద్దాం. ఫిన్లాండ్‌లో 240 మందికి స్లీవ్, బైపాస్‌లలో ఏది చేయాలో చీటీ వేసినట్టు నిర్ణయించి, పదేళ్లు గమనించారు. ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్‌వాళ్లు సుమారు 43 శాతం, బైపాస్‌వాళ్లు 51 శాతం తగ్గి ఉన్నారు. మీ ఎత్తుకు 62 కిలోల దాకా ఉండొచ్చు. అంటే అదనం 42 కిలోలు. ఆ లెక్కన మీకు స్లీవ్‌తో 18, బైపాస్‌తో 21 కిలోలు. పదేళ్ల తర్వాత తేడా 3 కిలోలు! దానికోసం తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. అదే ట్రయల్‌లో ఇంకో అంకె ఉంది: అన్నవాహికలో పుండ్లు స్లీవ్‌వాళ్లలో 31 శాతానికి, బైపాస్‌వాళ్లలో 7 శాతానికి కనిపించాయి. మీకు కావాల్సిన అంకె ఇది.

ముందు ఎండోస్కోపీ చేయించుకోండి. అన్నవాహికలో ఒరుపు గానీ, జీర్ణాశయం ఛాతీలోకి జారిన హయటస్ హెర్నియా గానీ ఉంటే నా ఓటు రూ-ఎన్-వై బైపాస్‌కే. అంతా శుభ్రంగా ఉండి, మంట అప్పుడప్పుడూ రాత్రి ఆలస్యంగా తిన్నందువల్లే వస్తోందని తేలితే స్లీవ్ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఎండోస్కోపీ అక్కర్లేదు, వచ్చే వారమే డేట్ ఇస్తామనే చోటికి మాత్రం వెళ్లకండి.

మావారికి 56 ఏళ్లు, 121 కిలోలు. మోకాళ్ల నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటారు. రోజుకో సిగరెట్ ప్యాకెట్ కాలుస్తారు. బరువు తగ్గితేగానీ మోకాలు మార్చనని ఎముకల డాక్టరు అన్నారు. బైపాస్‌తో బరువు ఎక్కువ తగ్గుతుందట కదా, అదే చేయించమంటారా?
– ఓ గృహిణి, విశాఖపట్నం

వద్దమ్మా. ఆయనకు బైపాస్ చేస్తే పేగుకూ సంచికీ వేసిన అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం చాలా ఎక్కువ. సిగరెట్, నొప్పి మాత్ర రెండూ ఆ పుండుకు కారణాలే, ఆయనకు రెండూ ఉన్నాయి. ఆ పుండు నుంచి రక్తం కారొచ్చు, చిల్లు పడొచ్చు. మోకాళ్ల అరుగుదల ఉన్న మనిషి నొప్పి మాత్ర జన్మలో ముట్టనంటే నేను నమ్మను. ఎండోస్కోపీ బాగుంటే స్లీవ్ చేయించండి.

స్లీవ్ అయినా సిగరెట్ ముందే మానాలి. ఆపరేషన్ రోజు ఉదయం మానడం కాదు, కొన్ని వారాల ముందే. పొగాకుతో కుట్లు సరిగా అతకవు, ఊపిరితిత్తుల ఇబ్బందులు పెరుగుతాయి. రాత్రిపూట గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా? మీరు పక్కనే ఉంటారు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, ఆయన చెప్పరు. స్లీప్ స్టడీ చేయించి, అవసరమైతే నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మిషన్ కొన్నాళ్లు వాడాకే మత్తు ఇవ్వడం క్షేమం. మందు అలవాటు ఉంటే అదీ దాచకండి. ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మందు త్వరగా తలకెక్కుతుంది. కొత్తగా తాగుడుకు బానిసలైనవాళ్లూ ఉన్నారు.

వయసు 51. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 95. షుగర్ వచ్చి 12 ఏళ్లయింది. మూడు రకాల మాత్రలతో పాటు రెండేళ్లుగా రెండుపూటలా ఇన్సులిన్. హెచ్‌బీఏ1సీ 9.2. బైపాస్ చేయించుకుంటే షుగర్ పూర్తిగా పోతుందని ప్రకటన చూశాను. నిజమేనా సార్?
– ఓ వ్యాపారి, కరీంనగర్

‘పూర్తిగా పోతుంది’ అని ఎవరైనా రాసిస్తే ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

షుగర్ మీద ఈ ఆపరేషన్ల ప్రభావం మాత్రం నిజం. బరువు తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే షుగర్ దిగిపోవడం మేం చూస్తూనే ఉంటాం. అన్నం చిన్నపేగు కింది భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరగడం దీనికి ఒక కారణం. అయితే అది ఎంతకాలం నిలుస్తుందనేది వేరే సంగతి. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన రెండేళ్లకు 72 శాతం మంది షుగర్ వ్యాధి లేని స్థితిలో ఉన్నారు. పదిహేనేళ్లకు వాళ్లు 30 శాతమే. షుగర్ చాలామందికి తిరిగొచ్చింది. అయినా కళ్లూ కిడ్నీలూ దెబ్బతినడం మాత్రం ఆపరేషన్ చేయించుకోనివారితో పోలిస్తే తక్కువే.

ఇక స్లీవా, బైపాసా? అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 2017లో ఒక స్కోరు ప్రచురించారు. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, ఎన్ని మందులు, ఇన్సులిన్ ఉందా, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7 లోపు ఉందా – ఈ నాలుగింటినీ చూసి షుగర్‌ను తేలిక, మధ్యస్థం, తీవ్రం అని విడదీశారు. మధ్యస్థంలో దీర్ఘకాలం షుగర్ లేకుండా ఉన్నది బైపాస్‌తో 60 శాతం, స్లీవ్‌తో 25 శాతం. అక్కడ బైపాస్ తిరుగులేనిది. తీవ్రంలో రెండింటితోనూ 12 శాతమే. మీ నాలుగు జవాబులూ కలిపితే మీరు ఆ తీవ్రం గడిలోకే వెళ్తారు.

అలాగని ఆపరేషన్ దండగ అనడం లేదు. ఇన్సులిన్ ఆగిపోయి ఒకట్రెండు మాత్రలతో హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంటే, 51 ఏళ్ల మనిషికి అది తక్కువ లాభమేమీ కాదు. మీ ప్యాంక్రియాస్‌లో ఇంకా ఎంత శక్తి మిగిలిందో సీ-పెప్టైడ్ రక్తపరీక్ష చెబుతుంది. అది చేయించి, కంటి డాక్టరుతో రెటీనా చూపించుకున్నాకే నిర్ణయం తీసుకోండి. షుగర్ ఒక్కసారిగా దిగితే పాత రెటీనా జబ్బు కొంతకాలం ముదరొచ్చు. ఏ ఆపరేషన్ చేయించుకున్నా ఇన్సులిన్ మోతాదు మొదటి రోజు నుంచే తగ్గించాలి. పాత మోతాదే పొడుచుకుంటే లో-షుగర్‌తో పడిపోతారు.

బైపాస్ వైపే మొగ్గితే ఒకటి ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచండి. ఎన్నేళ్ల తర్వాతైనా హఠాత్తుగా విపరీతమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకూడదు. పేగు లోపల ఇరుక్కునే ఇంటర్నల్ హెర్నియా కావొచ్చు. అదే రోజు సీటీ స్కాన్ తీసే ఆస్పత్రికి వెళ్లాలి, బైపాస్ అయిందని గేటు దగ్గర నుంచే చెప్పాలి.

నాకు 27. ఎత్తు 5 అడుగుల 3, బరువు 96. పీసీఓడీ ఉంది, నెలసరి మూడు నెలలకోసారి. వచ్చే ఏడాది పెళ్లి చేయాలని ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ లైపోసక్షన్ చేయించుకోమంటోంది. డాక్టర్ స్లీవ్ అన్నారు. పిల్లలు పుట్టరేమోనని అమ్మ భయం. పెళ్లివారికి చెప్పాలా? మేం గుడ్డు కూడా తినం.
– రాజమహేంద్రవరం

లైపోసక్షన్‌తో చర్మం కింది కొవ్వు కొన్ని కిలోలు తీస్తారు. నడుము కొలత మారుతుందేమో గానీ పీసీఓడీ మారదు. అమ్మగారి అసలు భయం విషయానికొస్తే, జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. బరువు తగ్గే కొద్దీ నెలసరి క్రమంలో పడుతుంది, గర్భం త్వరగా నిలుస్తుంది. మాకు తలనొప్పి అక్కడే! ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకూడదు. బరువు వేగంగా పడిపోతున్నప్పుడు కడుపులో బిడ్డకు పోషకాలు అందవు. పెళ్లయిన వెంటనే ‘విశేషమా’ అని అడిగే మన ఇళ్లలో ఏడాదిన్నర ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే వీలైతే పెళ్లి తేదీ ఆపరేషన్‌కు కాస్త దూరంగా పెట్టుకోండి, లేదంటే కాపర్-టి వంటిది ముందే మాట్లాడి ఉంచుకోండి. బైపాస్ అయినవారికి గర్భనిరోధక మాత్రలు పూర్తిగా ఒంటబట్టకపోవచ్చు.

గుండెమంట లేకపోతే మీకు స్లీవ్ సరైనదే. స్లీవ్‌కే మొగ్గడానికి నాకు ఇంకో కారణం ఉంది. గర్భం దాల్చాక మన దగ్గర అందరికీ గ్లూకోజ్ పొడి నీళ్లు తాగించి షుగర్ పరీక్ష చేస్తారు. బైపాస్ అయినవాళ్లు ఆ తీపి నీళ్లు తాగితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం – డంపింగ్ అంటాం – వచ్చి అక్కడే కూలబడొచ్చు. ఏ ఆపరేషన్ అయినా సరే, ఆ పరీక్షకు బదులు ఇంట్లోనే వారంపాటు షుగర్ చూసుకుంటానని ప్రసూతి డాక్టరుకు చెప్పండి.

గుడ్డు తినకపోవడం అడ్డంకి కాదు, కానీ పని పెరుగుతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. కంచంలో ముందు పప్పు, పనీర్, పెరుగు, సోయా, వాటి తర్వాతే అన్నం. మొదటి నెలల్లో ప్రొటీన్ పౌడర్ తప్పదు. బీ12, ఐరన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డీ జీవితాంతం వాడాలి. ఐరన్‌నూ కాల్షియాన్నీ రెండు గంటల తేడాతో వేసుకోండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. అది తెలియక ఏడ్చినవాళ్లను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను. వాంతులు ఆగకుండా అవుతుంటే మాత్రం ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకుని ఊరుకోవద్దు. ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించాలి, లేకపోతే మెదడు దెబ్బతినొచ్చు.

పెళ్లివారి సంగతి నా వైద్యంలోకి రాదు. చిన్న కంచం, రోజూ మాత్రలు, అన్నం తింటూ నీళ్లు తాగకపోవడం – ఇవి ఒకే ఇంట్లో ఉంటూ దాచలేరు. చేసుకోబోయే అబ్బాయికైనా చెప్పండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 34, ఎత్తు 5 అడుగుల 6, బరువు 82. షుగర్, బీపీ లేవు. కోత లేకుండా మింగే బెలూన్, ఎండోస్కోపీ స్లీవ్ అని అంటున్నారు. ఏది మేలు?
– హైదరాబాద్

మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 29. మన ఆసియావాళ్లకు 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించొచ్చని 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు చెప్పిన మాట నిజమే. అయినా జబ్బులేవీ లేని మీకు నేను కత్తి పట్టను. బెలూన్ నాలుగు నుంచి ఆరు నెలలు లోపల ఉంటుంది, తర్వాత తీసేస్తారు లేదా దానంతటదే బయటికి పోతుంది. బరువు తిరిగొచ్చేదీ అప్పుడే. ఎండోస్కోపీ స్లీవ్‌లో జీర్ణాశయాన్ని కోయకుండా లోపలి నుంచే కుట్లు వేసి కుదిస్తారు. అసలు స్లీవ్ కంటే బరువు తక్కువ తగ్గుతుంది, ప్రమాదమూ తక్కువే. ఇక 2025లో మన దేశంలోకి వచ్చిన వెగోవీ, మౌంజారో ఇంజెక్షన్లు మంచి మందులే గానీ, వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మానేసినవాళ్లు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగి పెరిగినట్టు ట్రయల్‌లో తేలింది. వాటిలో ఏదీ మొదలుపెట్టకముందు ఆరు నెలలు డైటీషియన్ దగ్గరికి వెళ్లండి, రాత్రి పదకొండింటి బిర్యానీ ఆర్డర్లు ఆపండి. ఇంకెవరైనా జీర్ణాశయానికి బ్యాండ్ బిగిస్తామంటే వద్దనండి. జారిపోవడం, లోపలికి కోసుకుపోవడం వంటి ఇబ్బందులతో ఆ పద్ధతి దాదాపు మూలపడింది.

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. వయసు 36, ఎత్తు 5 అడుగుల 8, బరువు 162 కిలోలు. అక్కడి డాక్టర్లు డ్యుయోడినల్ స్విచ్ అంటున్నారట. ఇక్కడ ఖర్చు తక్కువ కదా, సంక్రాంతికి మూడు వారాలు వస్తున్నాడు. ఇక్కడే చేయించేస్తే సరిపోదా?
– ఓ తండ్రి, నెల్లూరు

ఆయన బీఎంఐ 54. అంత బరువుకు అక్కడివాళ్లు ఆ పేరు చెప్పడంలో తప్పు లేదు. స్లీవ్ చేసి, ఆపైన చిన్నపేగులో చాలా భాగాన్ని దాటించే ఆపరేషన్ అది. బరువు, షుగర్ తగ్గించడంలో అన్నింటికన్నా బలమైనది. దానికి తగ్గ మూల్యమూ ఉంది. కొవ్వుతో పాటు దానిలో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లూ ఒంటబట్టవు. వేపుళ్లు తింటే దుర్వాసనతో నీళ్ల విరేచనాలు. మందులు మానేస్తే రేచీకటి నుంచి ఎముకల పెళుసుదనం దాకా వస్తాయి. కొన్ని నెలలకోసారి రక్తపరీక్షలు, ఒకే బృందం దగ్గర ఏళ్ల తరబడి ఫాలో-అప్, ఇవన్నీ ఉంటేనే అది మంచి ఆపరేషన్.

మూడు వారాల సెలవులో అది కుదరదు. లీకేజీ, రక్తం గడ్డలు వంటివి బయటపడేది ఆ వారాల్లోనే. కొత్త కుట్లతో అంతసేపు విమానంలో కూర్చుంటే కాళ్లలో గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం పెరుగుతుంది. అక్కడికెళ్లాక ఏదైనా ఇబ్బంది వస్తే, ఎవరో చేసిన ఆపరేషన్‌ను చేతుల్లోకి తీసుకోవడానికి వేరే సర్జన్ వెనకాడతారు. ఎక్కడ ఉంటాడో అక్కడే చేయించుకోమనండి. ఆయనకు ఇంకో దారీ ఉంది: ముందు స్లీవ్ మాత్రం చేసి, ఏడాదో రెండేళ్లో చూసి, చాలకపోతే పేగు భాగం తర్వాత చేయడం. సర్జన్‌ను అడగమనండి. మీరు చేయగలిగింది, ఆ సమయంలో మీరిద్దరూ అక్కడికి వెళ్లి రెండు నెలలు ఉండటం.

ఆరేళ్ల కింద స్లీవ్ అయింది. 118 నుంచి 82కి తగ్గాను. ఇప్పుడు 97. మళ్లీ స్లీవ్ చేస్తారా?
– ఓ పాఠకుడు, వరంగల్

మళ్లీ స్లీవ్ చేయించుకోవద్దు. ముందు బేరియం ఎక్స్‌రేతో ఆ గొట్టం సాగిందా, ఎండోస్కోపీతో అన్నవాహిక ఎలా ఉందో చూడాలి. థైరాయిడ్ పరీక్ష చేయించండి, స్టెరాయిడ్ మందులేమైనా వాడుతున్నారా గుర్తుచేసుకోండి. ఇవన్నీ సరిగానే ఉంటే ఒక వారం నోట్లోకి వెళ్లినదంతా రాయండి. స్లీవ్‌ను ఓడించేది అన్నం కాదు. ముద్ద అన్నం దిగనివాళ్లకు కూడా కూల్‌డ్రింక్, ఐస్‌క్రీమ్, చక్కెర టీ సులువుగా జారిపోతాయి. నడుస్తూ, టీవీ చూస్తూ తినే కారప్పూస, మిక్చరూ అంతే.

36 కిలోలు తగ్గి 15 పెరిగారు, ఇంకా 21 కిలోలు తక్కువే ఉన్నారు. ఈ దశలో ఇంజెక్షన్ మందులు ప్రయత్నించడం నాకు సబబుగా తోస్తోంది. గుండెమంట కూడా మొదలై ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు స్లీవ్‌ను రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చడం మంచిది, ఆ మంట నిజంగా తగ్గుతుంది. బరువు కోసమే మార్పిస్తే మాత్రం, మొదటిసారి తగ్గినంత రెండోసారి తగ్గదని తెలుసుకుని చేయించుకోండి.

బీఎంఐ 36, షుగర్ ఉంది. ఇన్సూరెన్స్ ఇస్తుందా?
– అనంతపురం

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సర్జరీ ఖర్చు కోరొచ్చు. 35 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవారికైతే గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్-2 షుగర్ వంటివాటిలో ఒకటి ఉండాలి. ఇందులో ‘అదుపులో లేని’ అన్నది ముఖ్యం. మందులు వాడుతున్నా షుగర్ దిగడం లేదని చూపించే పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు తేదీలవారీగా పెట్టండి. మన శరీరాలకు వైద్యులు చెప్పే కొలతల కంటే ఈ కొలతలు పాతవి, అది అన్యాయమే. అయినా క్లెయిమ్ తేలేది వీటితోనే. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ముగిసిందో లేదో చూసుకుని, ముందస్తు అనుమతి చేతికొచ్చాకే ఆస్పత్రిలో చేరండి.